గమనం ఒక లెక్క, తీవ్రత మరొక లెక్క

సభకు నమస్కారం.

2013 నవంబరు చివరి వారంలో లెహర్ తుఫాను అండమాన్ దీవులను దాటి మన కోస్తా వైపు బయలుదేరినప్పుడు, అది అతి తీవ్ర తుఫానుగానే వచ్చి పడుతుందని హెచ్చరికలు వెలువడ్డాయి. అది వచ్చింది ఆంధ్ర తీరానికే. నవంబరు 28న మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. అయితే అప్పటికే సముద్రం మీదనే బలం ఉడిగి వాయుగుండంగా మిగిలింది. ‘ఇంత హడావిడి దేనికి?’ అని అప్పట్లో విసుక్కున్నవారు ఉన్నారు. ఆ విసుగు న్యాయం కాదని నా అభిప్రాయం.

తుఫాను ఎటు పోతుందన్నది చాలావరకు దాని చుట్టూ వేల కిలోమీటర్ల మేర వీచే గాలులు తేల్చే సంగతి. ఏటిలో సుడి ప్రవాహంతో కొట్టుకుపోయినట్లే అదీ సాగుతుంది. అంత విశాలమైన గాలులను పట్టుకోవడానికి, భూగోళమంతటినీ పన్నెండేసి కిలోమీటర్ల గళ్లుగా విభజించి లెక్కకట్టే కంప్యూటర్ మోడళ్లు సరిపోతాయి. తీవ్రత సంగతి అలా కాదు. అది తుఫాను కన్ను చుట్టూ కొద్ది పదుల కిలోమీటర్లలో లేచే మేఘాల గోడ మీద, కింది నీటిలో ఎంత లోతు వరకు వేడి ఉన్నదన్న దాని మీద, పైకి పోయేకొద్దీ గాలి దిశ, వేగం ఎంతగా మారుతున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. లెహర్ దారిలో పొడిగాలి చొరబడింది, పైగాలులు దాని నిలువు రూపాన్ని ఒరగదోశాయి. అంతకు వారం ముందే అదే తీరానికి వచ్చిన హెలెన్ తుఫాను సముద్రాన్ని కలియబెట్టి, అడుగు చల్లనీటిని పైకి తెచ్చి వెళ్లిందన్న సంగతీ మరువరాదు.

అందుకే తుఫానుతో పాటు కదిలే రెండు కిలోమీటర్ల సన్నని గళ్లతో ప్రత్యేక మోడళ్లను నడుపుతున్నారు. గళ్లు ఎంత సన్నబడినా మొదట అందించే సమాచారం సరిగా ఉండాలి కదా. అట్లాంటిక్‌లో విమానాలు తుఫాను గర్భంలోకే వెళ్లి కొలతలు తెస్తాయి. బంగాళాఖాతంలో అలాంటి ఏర్పాటు నిత్యం లేదు కనుక, తీర రాడార్లకు అందనంత దూరాన ఉన్నప్పుడు ఉపగ్రహ చిత్రంలో మేఘాల అమరికను చూసి గాలి వేగాన్ని అంచనా వేయవలసి వస్తుంది. అంటే, లెక్క ఒక అంచనాతోనే మొదలవుతుంది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) ఉప్పెన ఎత్తును లెక్కించేటప్పుడు గమనం, తీవ్రత రెండూ కావాలి. పడమరగా వచ్చే తుఫానుకు కుడివైపు, అంటే ఉత్తరాన, గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల వైపున. ఉప్పెన ముంచింది దానికి కుడివైపునున్న దివిసీమను.