ఏడు: రెండక్షరాల మాట

శ్రోతలకు నమస్కారం.

‘ఏడు’ అని కాగితం మీద ఒక్క మాటే రాసి ఉంటే మీకు ముందు ఏం తోస్తుంది? చాలామందికి అంకె. కొందరికి సంవత్సరం: పోయిన ఏడు, వచ్చే ఏడు. నేను ఇవాళ మూడో ‘ఏడు’ గురించి మాట్లాడతాను. కన్నీళ్ళ ఏడు. ‘ఎందుకలా బిగబట్టుకుంటావు, ఏడు’ అంటామే, ఆ మాట.

ఈ మూడూ ఒక తల్లి పిల్లలు కావు. పక్కనున్న కన్నడం వింటే తెలిసిపోతుంది. అక్కడ అంకె ‘ఏళు’, ఏడవడం ‘అళు’. తమిళంలోనూ దాదాపు అంతే. కాకపోతే ఆ ళ మన ళ కాదు. ‘తమిళ్’ అన్న పేరు చివర నాలుక వెనక్కి మడిచి పలుకుతారే, ఆ అక్షరం. పాత తెలుగు శాసనాల్లో మనకూ అది ఉండేది. తర్వాత జారిపోయి, చాలా మాటల్లో డ అయి కూర్చుంది. వాళ్ళ ‘కోళి’ మనకు ‘కోడి’ అయింది ఆ దారినే. సంవత్సరం సంగతి వేరు. దాని కడుపులో ఒక సున్న దాగుంది, ‘ఏండ్లు’ అన్నప్పుడు బయటికొస్తుంది. అందుకే పాత పుస్తకాల్లో సంవత్సరాన్ని అరసున్నతో ‘ఏఁడు’ అని అచ్చువేసేవారు. అరసున్న రాయడం మానేశాక మూడూ ఒకే వేషంలో నిలబడ్డాయి. అయినా వినేవాళ్ళు ఎవరూ తికమకపడరు. ‘ఏడవ తరగతి’ అన్నా, ‘ఏడవకు’ అన్నా చంటిపిల్లలకు కూడా తేడా తెలుస్తుంది.

సంస్కృతం నుంచి వచ్చింది ‘రోదన’. దాని ధాతువు రుద్. ఏడ్చాడు కాబట్టే రుద్రుడయ్యాడని, ఆ కన్నీరే వెండి అయిందని తైత్తిరీయ సంహితలో ఉంది. భయంకరుడనుకునే దేవుడి పేరులో ఏడుపు ఉందని చెప్పే ఆ కథ నాకెంతో ఇష్టం. కానీ ఇంట్లో ఎవరూ రోదించరు. ఇంట్లో వెక్కుతారు, బావురుమంటారు, గుక్కపడతారు. పసిబిడ్డ గుక్కపట్టినప్పుడు చూశారా? నోరు తెరిచే ఉంటుంది, మొహం కందిపోతుంది, శబ్దం మాత్రం రాదు. చుట్టూ ఉన్నవాళ్ళ ఊపిరి కూడా ఆగుతుంది. ఆ తర్వాత కేరుమని ఒక్క కేక వినబడితే, అమ్మయ్య, అందరికీ ప్రాణం లేచొస్తుంది. ఆ క్షణాన్ని ‘గుక్క’ అన్న చిన్న మాటలో పట్టుకున్నవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

ఇక ‘ఏడుపు’ చేత మనం చేయించే చాకిరీ అంతా ఇంతా కాదు. ‘నా మీద పడి ఏడుస్తున్నారు’ అంటే అసూయ. ‘కళ్ళజోడు ఎక్కడేడ్చిందో’ అంటే కళ్ళజోడు కన్నీరు పెట్టలేదు, కనబడలేదంతే. ‘ఇంతసేపూ ఎక్కడేడ్చావు?’ అన్నా అంతే. ఉండడానికి బదులు ఏడవడం. ‘నీ ఏడుపేదో నువ్వేడు’ అంటే నీ పని చూసుకో. పని బాగాలేకపోతే ‘ఏడ్చినట్టుంది’. ముద్దుగా కసురుకోవాలన్నా ‘ఏడిశావులే’. చిరాకొస్తే చాలు, నోటికి మొదట తగిలేది ఈ మాటే. నుడికారంగా ఇది నాకు ముచ్చటే. కానీ మనిషి నిజంగా ఏడుస్తున్నప్పుడు కూడా ఆ చిరాకే ముందొస్తోందే, అదీ నా బాధ. ‘ఇంకా ఏడు, బాగా ఏడు’ అని పిల్లల్ని దెప్పుతాం. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని సామెత ఒకటి. ఆ సామెతను నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

మా నాన్నగారు పోయిన రోజు పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళందరూ నాతో ఒకటే అన్నారు: ‘పెద్దకొడుకువి, నువ్వే ఏడిస్తే ఎలా?’ సరేనని అందరికీ ఫోన్లు చేశాను, కుర్చీలు వేయించాను. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంది. సాయంత్రం మా అత్తయ్య వచ్చింది, నాన్నకు చెల్లెలు. నా పక్కన నేల మీదే చతికిలబడి, వీపు మీద చెయ్యి వేసి, చెవిలో మెల్లగా అంది: ‘ఏడు నాయనా, ఏడు.’

అప్పుడు బావురుమన్నాను. ఆవిడ కొంగు తడిసి ముద్దయినా ఆపమనలేదు.