కారు ఆగితే నలుగురు తోసే వీలుండాలి

(భీమవరంలో హైబ్రిడ్ కార్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఇంత ఎండలో పాలకొల్లు, తణుకు, రావులపాలెం, అమలాపురం నుంచి వచ్చిన మీ అందరికీ, ముందు వరసలో కూర్చున్న కార్ల కంపెనీ వారికి కూడా నమస్కారం. వాళ్ళు రావడం చాలా మంచిదైంది, ఎందుకంటే నేను చెప్పేది మీ కోసం కాదు, వాళ్ళ కోసం. మీరందరూ ఇవే కార్లు నడుపుతున్నారు, మీకు తెలియనిది నేనేం చెప్తాను? నిర్వాహకులు నాకు "డిజైన్‌లో మార్పులకి యజమానుల సూచనలు" అని రాసిచ్చారు. మీరు పంపిన కాగితాలన్నీ రెండు రాత్రులు కూర్చుని చదివాను. అవన్నీ వరసగా చదివి వినిపించను, ఆ జాబితా టైపు చేయించి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టారు, తీసుకోండి.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉన్న ఈ హైబ్రిడ్ కార్లు మంచి కార్లు. భీమవరం టౌన్‌లో రైల్వే గేటు పడ్డప్పుడు చుట్టూ బళ్ళన్నీ గుర్రుమంటూ పొగ వదులుతుంటే మన కారు ఇంజన్ ఆపేసుకుని చల్లగా కూర్చుంటుంది చూడండి, దానికి నేను ఎంత డబ్బైనా ఇస్తాను. బ్రేకు వేసినప్పుడు వేడిగా వృథా అయ్యే శక్తిని కరెంటుగా మార్చి దాచుకుని మళ్ళీ వాడుకోవడం అనేది నిజంగా గొప్ప తెలివి. కంపెనీ లెక్కలో గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కి లీటరుకి 27.97 కిలోమీటర్లని ఉంది, మన గతుకుల్లో అంత రాదు గాని, వచ్చేది కూడా తక్కువేం కాదు. కాబట్టి నేను ఫిర్యాదు చేయడానికి నిలబడ్డానని ఎవరూ అనుకోవద్దు. ఇష్టమున్న బండి కాబట్టే బాగుపడాలని అడుగుతున్నాను.

యజమానులు చెప్తే కంపెనీలు వింటాయా అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. వింటాయండి. 1997 డిసెంబరులో టయోటా వాళ్ళు జపాన్‌లో ప్రియస్ అనే హైబ్రిడ్ కారు అమ్మడం మొదలుపెట్టారు. అమెరికాలో 2004 మోడల్ వచ్చేసరికి, జపాన్ కార్లలో ఉన్న ఈవీ బటన్ అక్కడి వాళ్ళకి ఇవ్వలేదు. ఇంజన్ రాకుండా కాసేపు కరెంటు మీదే పోవడానికి ఆ బటన్. అక్కడి యజమానులు ఊరుకున్నారా? సొంతంగా వైరు లాగి బటన్ పెట్టుకున్నారు. తర్వాతి తరం కారులో కంపెనీయే పెట్టి అమ్మింది. ఆ పాత కారులోనే పెట్రోలు ట్యాంకు లోపల సాగే సంచి ఒకటి ఉండేది, చలికి అది బిగుసుకుపోయి ట్యాంకు నిండకుండానే బంకులో గన్ టక్కున ఆగిపోయేది, జనం గోల పెట్టారు, తర్వాతి మోడల్‌కి ఆ సంచి లేదు. 2004లోనే కాలిఫోర్నియాలో కొందరు ప్రియస్‌కి పెద్ద బ్యాటరీ పెట్టి ఇంట్లో ప్లగ్గుకి తగిలించి చార్జ్ చేసుకునేలా మార్చేశారు, 2012 నాటికి కంపెనీయే ప్లగ్ ఉన్న ప్రియస్ అమ్మింది. కొనుక్కున్నవాడు నోరు విప్పితేనే తయారుచేసేవాడికి తెలుస్తుంది.

మన దగ్గరికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చాయి గాని ధర చూసి దూరం నుంచే దణ్ణం పెట్టేశాం. 2022లో గ్రాండ్ విటారా, హైరైడర్, హోండా సిటీ హైబ్రిడ్, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వచ్చాకే మన గోదావరి జిల్లాల్లో ఇవి కనబడుతున్నాయి. అంటే కొత్త పంట. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తాం.

నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాలవలు, లాకులు, షట్టర్లు, ఇదే నా ఉద్యోగం. షట్టరుకి మోటారు పెట్టినా పక్కనే చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంటుంది. కరెంటు పోయిందని వరద ఆగదు కదా, కాలవ చూసే లస్కరు వచ్చి తిప్పాలి. ఈ ఒక్క సూత్రం కారుకీ పెట్టండి అంటున్నాను. నేను అడిగేదంతా ఇంతే. కాని ఎందుకడుగుతున్నానో చెప్పాలంటే బళ్ళని ఏరు దాటించే పంటు సంగతి చెప్పాలి.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీకందరికీ తెలుసు. కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, గడ్డి మోపులు, మనుషులు, అన్నీ దాని మీదే వశిష్ట గోదావరి దాటాలి. మేం అంతర్వేది కల్యాణానికి బయల్దేరాం, నేనూ, నా భార్యా, మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ నడిచే మా అత్తయ్య గారూ. మా కారు ముందు ఎక్కించారు, కాబట్టి అవతలి రేవులో ముందు దిగాల్సిందీ మేమే. కారు ఆపి, పార్కింగ్‌లో పెట్టి, గాలి కోసం బయటికొచ్చాం. నది మధ్యలో గాలి బాగుంది. రేవు దగ్గరపడింది, ఎక్కి బటన్ నొక్కాను. ఏమీ లేదు. మీటర్ బోర్డు మీద దీపం కూడా వెలగలేదు.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో కంపెనీ వాళ్ళకి తెలుసు, బయటివాళ్ళకి చెప్తాను. ఈ కార్లలో రెండు బ్యాటరీలుంటాయి. చక్రాలు తిప్పే పెద్దదొకటి, మామూలు కారులో ఉండే 12 వోల్టుల చిన్నదొకటి. పెద్దది నిండుగా ఉన్నా సరే, చిన్నది చచ్చిపోతే కంప్యూటర్లు లేవవు, పెద్ద బ్యాటరీని కలిపే స్విచ్చి పడదు, కారు శిలావిగ్రహం. మా కారులో పెద్ద బ్యాటరీ ఎంతుందో రంగురంగుల బొమ్మలతో చూపిస్తుంది. ఆ చిన్నది చావబోతోందని ముందు ఒక్క ముక్క చెప్పలేదు.

సరే, తోసేద్దాం అన్నారు అందరూ. మన ఊళ్ళలో బండి ఆగితే సర్వీస్ సెంటర్ రాదు, పక్కనున్న నలుగురు వస్తారు. నలుగురేంటి, పదిమంది వచ్చారు. కాని గేరు లివరు కూడా కరెంటుదే, న్యూట్రల్‌లోకి రాదు, పార్కింగ్ లాక్ వదలదు. ముందు చక్రాలు బిగుసుకుపోయి ఉన్నాయి. పంటు ర్యాంపు దించేశారు, మా వెనక బళ్ళన్నీ హారన్లు, కల్యాణానికి పోయే జనం, ఒకాయన చేతిలో బిడ్డ. వాళ్ళెవరూ నన్ను ఒక్క మాట అనలేదండి, అది మన గోదావరి మర్యాద. నాకే తలకొట్టేసినట్టయింది.

బానెట్ ఎత్తాం, బ్యాటరీ లేదు! అది వెనకాల డిక్కీలో ఉంది. డిక్కీ తెరుద్దామంటే అదీ కరెంటు బటనే. చూశారా అన్యాయం? చచ్చిన బ్యాటరీని అందుకోవాలంటే ఆ బ్యాటరీయే బతికుండాలి. ఒక కుర్రాడు వెనక సీటు మీద నుంచి తలకిందులుగా పాకి, డిక్కీ తలుపు లోపల అట్ట మూత ఏదో ఊడదీసి చేత్తో లాగే లివరు వెతుకుతున్నాడు. ఆ లివరు ఉందండి, నేను కాదనను. మూత వెనక, చీకట్లో, తలకిందులుగా పాకినవాడికి అందేలా ఉంది. అప్పుడే పంటు మీదున్న ఇంకో కుర్రాడు, సఖినేటిపల్లిలో మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడట, బానెట్ కింద ఫ్యూజుల పెట్టెలో ఎర్ర మూత చూసి "మావయ్యగారండి, ఇక్కడ ప్లస్ గుర్తుందండి" అన్నాడు. లారీ డ్రైవరొకాయన మా బ్యాటరీ తగిలిద్దాం అంటే ఆ కుర్రాడే వద్దన్నాడు, లారీది 24 వోల్టులు, కాలిపోతుందని. తన మోటారు సైకిలు సైడు ప్యానెల్ విప్పి, ఆ గుప్పెడు బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, ఒకటి ఆ ప్లస్‌కి, రెండోది ఇంజన్ ఇనుముకి ముట్టించి "నొక్కండి" అన్నాడు.

వెలిగింది. నమ్ముతారా? మోటారు సైకిలు బ్యాటరీతో ఇంత కారు లేచింది. ఎందుకంటే ఇందులో మామూలు కారులోలా చిన్న బ్యాటరీ ఇంజన్‌ని తిప్పక్కర్లేదు, కంప్యూటర్లని లేపితే చాలు, మిగతా పని పెద్ద బ్యాటరీ చూసుకుంటుంది. రెడీ అని పచ్చ దీపం వచ్చింది. ఇంజన్ చప్పుడు లేదు కాబట్టి జనం "అవ్వలేదండి, ఇంకోసారి నొక్కండి" అని అరుస్తున్నారు, కారు ర్యాంపు ఎక్కేస్తోంది.

ఆ కుర్రాడికి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. నా ప్రశ్న ఏంటంటే, కంపెనీ వారూ, ఇటు చూడండి, అంతమంది ఇంజనీర్లు కూర్చుని చేసిన కారుకి ఆ కుర్రాడి తెలివి మీద ఆధారపడే గతి ఎందుకు పట్టాలి? అందుకే అడుగుతున్నాం. చిన్న బ్యాటరీ వోల్టేజి మీటరులో చూపించండి, తగ్గితే వారం ముందే చెప్పండి. డిక్కీకి మామూలు తాళం పెట్టండి. అన్నిటికంటే ముందు, పార్కింగ్ లాక్‌ని చేత్తో వదిలించే లివరు ఒకటి, డ్రైవరు కాళ్ళ దగ్గర, కనబడేలా. ఎంత ఖర్చవుతుంది? సన్‌రూఫ్‌కి పెట్టిన డబ్బులో ఎన్నో వంతు?

ఈ తోయడం, లాగడం విషయంలోనే ఇంకోటి. మన దగ్గర కారు బురదలో దిగితే ట్రాక్టరుకి తాడు కట్టి లాగేస్తాం. ఈ కార్లలో చాలావాటిని ముందు చక్రాలు నేల మీద ఉండగా దూరం లాగకూడదు, చక్రం తిరిగితే లోపల మోటారు తిరుగుతుంది, అది తిరిగితే కరెంటు పుడుతుంది, సామాను పాడవుతుంది. ఈ సంగతి యజమాని పుస్తకంలో ఇంగ్లీషులో ఎక్కడో లోపల ఉంది. లాగే ట్రాక్టరు డ్రైవరు ఆ పుస్తకం చదువుతాడా? తాడు కట్టే కొక్కెం పక్కనే తెలుగులో రెండు ముక్కలు అచ్చేయండి. నారింజ రంగు కేబుళ్ళు ముట్టుకోవద్దని కూడా తెలుగులోనే. చాలా కార్లలో బ్యాటరీ దగ్గరే 200 వోల్టుల దాకా ఉంటుంది. సాయానికొచ్చినవాడి ప్రాణం గురించి చెప్తున్నాను.

నీళ్ళ సంగతి ఎత్తకుండా కూర్చోలేను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంక ఊళ్ళ కాజ్‌వేలు మునిగిపోయాయి, 1986 వరద చూసినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. మామూలు వానకే మన వీధుల్లో మోకాలి లోతు. ఎంత లోతు దాకా ఈ కారు పోవచ్చో తలుపు మీద గేజి గీత గీసి ఇవ్వండి, ఊహించుకోమనకండి. పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి కొన్ని కార్లలో వెనక సీటు పక్కనో కిందో ఉన్న జల్లెడలోంచి లోపలికి పోతుంది. అంబాజీపేట నుంచి వచ్చిన కొబ్బరి వ్యాపారి ఒకాయన తన కారుది విప్పి చూపించారు నాకు, పీచు దారాలు, ధూళి కలిసి దుప్పటి ముక్కలా పేరుకుపోయింది. గాలి ఆడకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, ఆయుస్సు తగ్గుతుంది. ధాన్యం ఊక, కొబ్బరి పీచు ఉన్న దేశం ఇది. స్క్రూలు విప్పకుండా ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు కూడా లాగి, కడిగి, ఆరబెట్టి పెట్టుకునే ఫిల్టర్ కావాలి, జల్లెడ సీటు కింద కాకుండా ఇంకా పైన ఉండాలి. చేలగట్టు ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయని చాలామంది రాశారు, నారింజ కేబుళ్ళకి గట్టి తొడుగు అడిగారు, అదీ జాబితాలో ఉంది.

కాలవ గట్టు మీద కరెంటుతో పోయేటప్పుడు మన కారు వస్తున్నట్టు సైకిలు మీద పెద్దాయనకి వినబడదు. జపాన్‌లో టయోటా వాళ్ళు 2010లోనే చప్పుడు చేసే పెట్టె విడిగా అమ్మారు, ఇప్పుడు కొత్త కార్లలో కొన్నిటికి వస్తోంది, కాని గట్టు మీద గాలికి ఆ సన్నని కూత ఎవరికి వినబడుతుంది? కొన్నిటిలో రివర్సు చేస్తే బీప్ కారు లోపలే మోగుతుంది, వెనక ఆడుకుంటున్న పిల్లాడికి కాదు. ఇది మార్చడానికి మీటింగులు కూడా అక్కర్లేదు.

పన్నుల గురించి మాట్లాడమని మా మిత్రులు చీటీ పంపారు. కరెంటు కారుకి 5 శాతం జీఎస్టీ, మన పెద్ద హైబ్రిడ్‌కి 40 శాతం, ఇది అన్యాయమే, కాని దాన్ని అడగాల్సినవాళ్ళు ఈ హాల్లో లేరు. ఉన్నవాళ్ళని అడుగుదాం.

జాబితా కింద సంతకాలు పెట్టండి, ఫోన్ నంబరు అక్కర్లేదు, ఊరు, కారు మోడల్ రాస్తే చాలు. కంపెనీ వారు అన్నిటికీ ఇవాళే సమాధానం చెప్పాలని నేననను, పై ఆఫీసుకి పంపాలి, నాకు తెలుసు, నేనూ గవర్నమెంటులో ఫైళ్ళు నడిపినవాణ్ణే. మొదటి అంశం మాత్రం వేరు. చిన్న బ్యాటరీ చచ్చిపోతే కారుని న్యూట్రల్‌లోకి చేత్తో తెచ్చే ఏర్పాటు పెడతారా, పెట్టరా? దానికి మీలో ఒకరు లేచి ఇప్పుడే ఈ జనానికి చెప్పండి. బాబూ, ఆ మైకు ముందు వరసలో ఇవ్వమ్మా.