రన్ వస్తుందని తెలిసినా ఆపలేకపోయిన పెన్ స్టేట్

(అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌పై స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: యాంకర్, మిషిగన్‌లో హైస్కూల్ జట్టు లైన్‌మన్‌లకు శిక్షణ ఇచ్చే కోచ్, పెన్ స్టేట్‌లో చదివిన డేటా విశ్లేషకురాలు, ఒహాయో స్టేట్‌లో ఎం.ఎస్. చేస్తున్న విద్యార్థి.)

యాంకర్: నమస్కారం. 2023 నవంబర్ 11, పెన్ స్టేట్ వాళ్ల బీవర్ స్టేడియం. లక్ష మందికి పైగా జనం. రన్‌ని, అంటే బంతి పట్టుకుని పరిగెత్తే ప్లేని, ఆపడంలో ఆ సీజన్‌లో దేశంలోనే ముందు వరసలో ఉన్న డిఫెన్స్ పెన్ స్టేట్‌ది. మిషిగన్ వచ్చి, ఆట ముగిసేదాకా వరుసగా 32 ప్లేలు రన్‌లే ఆడి 24-15తో గెలిచి వెళ్లింది. కోచ్ గారూ, రన్ వస్తుందని అవతలివాళ్లకి తెలుసు, టీవీ ముందున్న మాకూ తెలుసు. మరి ఎందుకు ఆపలేకపోయారు?

కోచ్: రన్ వస్తుందని తెలుసమ్మా. ఎక్కడినుంచి వస్తుందో తెలీదు. ముందు లెక్క చూద్దాం. పదకొండు మందికి పదకొండు మందే కదా అనిపిస్తుంది. కానీ బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఎవర్నీ బ్లాక్ చేయలేడు, అంటే ఒంటితో అడ్డుకోలేడు. బంతి అతని చేతికిచ్చిన క్వార్టర్‌బ్యాక్ పని కూడా అక్కడితో అయిపోయింది. అంటే బ్లాక్ చేయడానికి మిగిలింది తొమ్మిది మంది, అవతల పదకొండు. ఈ ఇద్దరి లోటుని ఎక్కడ దాచాలన్నదే రన్ గేమ్ కోచింగ్ అంతా.

యాంకర్: ఎక్కడ దాస్తారు?

కోచ్: రకరకాలుగా. ఒక డిఫెండర్‌ని అసలు బ్లాక్ చేయకుండా వదిలేసి, క్వార్టర్‌బ్యాక్ అతన్నే చూస్తూ ఆడటం ఒక పద్ధతి. అతను రన్నర్ వైపు దూకితే క్వార్టర్‌బ్యాక్ బంతి తనే ఉంచుకుంటాడు. ఆగిపోతే రన్నర్‌కి ఇచ్చేస్తాడు. ముట్టుకోకుండానే ఒకడు ఆటలోంచి పోయాడు. కానీ మిషిగన్ ఆ రోజు ఎక్కువగా నమ్ముకుంది మనుషుల్ని పెంచడాన్ని. మామూలుగా ముందు నిలబడి రన్నర్‌కి దారి చేసే లైన్‌లో ఐదుగురు ఉంటారు. వాళ్ల మధ్యా, రెండు అంచుల్లోనూ కలిపి ఆరు సందులు. ప్రతి సందుకీ డిఫెన్స్‌లో ఒకడు కాపలా. టైట్ ఎండ్, అంటే బ్లాక్ చేస్తూ పాస్‌లు కూడా పట్టే ఆటగాడు, లైన్ చివర వచ్చి నిలబడితే ఏడో సందు పుడుతుంది. మిషిగన్ ఇవి చాలక ఆరో లైన్‌మన్‌ని కూడా దింపింది, ట్రెంటే జోన్స్‌ని. ఇక అవతల ఎవరో ఒక తేలికపాటి ఆటగాడు, పాస్‌లు, అంటే గాల్లో విసిరే బంతులు, ఆపడానికి జట్టులోకి తీసుకున్నవాడు, నూట నలభై కిలోల మనిషికి ఎదురుగా సందు కాయాల్సిందే.

విద్యార్థి: అన్నా, అవన్నీ స్నాప్‌కి, అంటే బంతి కదలడానికి, ముందు కనిపించే సందులే కదా. లెక్కపెట్టి మనిషిని పెట్టుకోవచ్చు.

కోచ్: అక్కడికే వస్తున్నా. ఆట మొదలయ్యాక సందునే కదిలించే ఎత్తు ఒకటుంది, పుల్ అని. బంతి కదలగానే గార్డ్, అంటే లైన్‌లో నడిమివాడి పక్కనుండేవాడు, ఎదుటివాణ్ణి ముట్టుకోకుండా ఒక అడుగు వెనక్కి వేసి, లైన్ వెనకగా అవతలి పక్కకి పరిగెడతాడు. తన సందుని తనతోపాటు మోసుకెళ్తున్నాడన్నమాట. ఆట మొదలయ్యాక ఇటు ఒక సందు తగ్గింది, అటు ఒకటి పెరిగింది. డిఫెన్స్ లెక్క తప్పింది. కౌంటర్ అనే ప్లేలో ఇలా ఇద్దరు వెళ్తారు. మొదటివాడు డిఫెన్స్ అంచున ఉన్న ఆటగాణ్ణి, ఎండ్‌ని, బయటికి నెడతాడు, రెండోవాడు ఆ తలుపులోంచి లోపలికి తిరిగి, డిఫెన్స్ మొదటి వరస వెనక నిలబడే లైన్‌బ్యాకర్‌ని పట్టుకుంటాడు. రన్నర్ మొదట అవతలి వైపు ఒక అడుగు వేస్తాడు. ఆ ఒక్క అడుగుకి లైన్‌బ్యాకర్ అర సెకను మోసపోతే చాలు.

విశ్లేషకురాలు: నేనో మాట చెప్పాలి. మా డిఫెన్స్ ఏదో కుప్పకూలినట్టు మాట్లాడుతున్నారు. మిషిగన్ మొత్తం 46 రన్‌లు, 227 యార్డులు. అంటే ఒక్కో రన్‌కి ఐదు కూడా లేదు. మరి మా అఫెన్స్, బంతి మా చేతిలో ఉన్నప్పటి ఆట? మా క్వార్టర్‌బ్యాక్ డ్రూ ఆలర్ 22 పాస్‌లు వేస్తే పది అందాయి, 70 యార్డులు. మర్నాడే అఫెన్స్‌ని నడిపే కోచ్, అఫెన్సివ్ కోఆర్డినేటర్ మైక్ యూర్సిచ్‌ని తీసేశారు. ఓడింది ఎవరివల్లో అక్కడే తెలుస్తోంది.

కోచ్: మేడమ్, మీ అఫెన్స్ సంగతి నేను కాదనను. కానీ నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు కావాలి. ప్రతిసారీ ఐదు దగ్గర దగ్గర వస్తుంటే వాళ్లు పాస్ ఎందుకు వేస్తారు? రెండో సగంలో మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ మెకార్తీ పేరున ఒక్క పాస్ కూడా నమోదు కాలేదు. వేసిన ఒక్కదానికి పెనాల్టీ వచ్చింది, అది లెక్కలోకి రాదు. పాస్ మీద గెలవడానికి కట్టిన డిఫెన్స్‌ని పాసే లేకుండా ఓడించారు.

విశ్లేషకురాలు: అదే నేను అంటున్నదీ. మా డిఫెన్స్ కోఆర్డినేటర్ మానీ డియాజ్ కట్టింది దూకుడు డిఫెన్స్. లైన్ దాటి లోపలికి చొచ్చుకురావడం, వెనక్కి నెట్టడం. ఆ సీజనంతా అది పనిచేసింది. మీరు దాన్ని తప్పంటారా?

కోచ్: తప్పనను. దూకేవాణ్ణి దూకనివ్వాలి, అంతే. ఎదురుగా ఆపక్కర్లేదు, వాడు రెండడుగులు లోపలికి వచ్చాక పక్కనుంచి తాకితే చాలు. దీన్ని ట్రాప్ అంటారు. వాడి వేగమే వాణ్ణి ఆటలోంచి బయట పడేస్తుంది. కబడ్డీలో ఊపుగా వచ్చిన రైడర్‌ని కార్నర్‌లో ఉన్నవాడు పక్కనుంచి నెట్టి లైన్ బయట పడేసినట్టు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆ దూకుడు గెలుస్తుంది. మిగతా రెండూ టచ్‌డౌన్‌లు అవుతాయి, అంటే బంతి చివరి గీత దాటి అవతలివాళ్లకి స్కోరు వస్తుంది.

యాంకర్: మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బా ఆ రోజు మైదానంలో లేరు కూడా కదా?

విద్యార్థి: ఈ జట్లు ఆడే లీగ్ బిగ్ టెన్ సస్పెండ్ చేసింది, ఆటకి ముందురోజే. ప్రత్యర్థుల సైగలు దొంగిలించిన గొడవ! ఒహాయో స్టేట్ ఉన్న మా కొలంబస్‌లో ఎవర్నడిగినా అదే చెప్తారు.

కోచ్: ఆ రోజు సైగలతో పనేముందయ్యా, మొత్తం రన్‌లే. (నవ్వులు) జట్టుని నడిపింది షెరోన్ మూర్. అఫెన్సివ్ కోఆర్డినేటర్, లైన్ కోచ్ కూడా ఆయనే. ఒకప్పుడు ఓక్లహోమాలో గార్డ్‌గా ఆడినవాడు. ఆట అయ్యాక ఇంటర్వ్యూలో ఏడ్చేశాడు, చూసే ఉంటారు. లైన్‌మన్ చేతికి పగ్గాలిస్తే ఏం చేస్తాడో అదే చేశాడు.

యాంకర్: మీ ఒహాయో స్టేట్ కూడా ఇలాంటివి చవిచూసింది.

విద్యార్థి: పుండు మీద కారం చల్లుతున్నారు. 2021 సెప్టెంబర్ 11, కొలంబస్. ఓరెగాన్ 35-28తో గెలిచింది, 269 యార్డులు రన్‌లోనే. సీజే వర్డెల్ ఒక్కడే 161. ఒకటి 77 యార్డుల టచ్‌డౌన్. బాధేంటంటే, ఒకటే వైపుకి మళ్లీ మళ్లీ పరిగెత్తారు.

కోచ్: ఇది బాగా అర్థం కావాలంటే మైదానం కొలతలు చూడాలి. వెడల్పు 160 అడుగులు. కాలేజీలో హ్యాష్ గుర్తులు, అంటే ప్లేకి ముందు బంతి పెట్టే హద్దు గుర్తులు, ఒక్కోటి తన పక్క సైడ్‌లైన్‌కి 60 అడుగుల దూరంలో ఉంటాయి. బంతి ఒక హ్యాష్ మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100. ప్రొఫెషనల్ ఎన్.ఎఫ్.ఎల్.లో హ్యాష్‌లు మధ్యకి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ తేడా అంత రాదు. 100 అడుగుల పక్క భయంకరంగా ఖాళీ కనిపిస్తుంది. అందుకని డిఫెన్స్ అదనపు మనిషిని అటు జరుపుతుంది. ఓరెగాన్ కోఆర్డినేటర్ జో మూర్‌హెడ్ ఇరుకు పక్కకే కొట్టాడు. చోటు తక్కువే, కానీ కాపలా కూడా తక్కువ. హెడ్ కోచ్ మారియో క్రిస్టోబల్ కూడా పాత లైన్‌మన్నే.

విశ్లేషకురాలు: ఒకసారి మోసపోవచ్చు. ఆటంతా సరిదిద్దుకోకపోవడం కోచింగ్ లోపం.

విద్యార్థి: ఒప్పుకుంటాను. వారం తిరక్కుండా మా డిఫెన్స్ కోఆర్డినేటర్ కెర్రీ కూంబ్స్ దగ్గర్నుంచి ప్లేకాలింగ్, అంటే ఏ ప్లే ఆడాలో చెప్పే పని, తీసి మాట్ బార్న్స్‌కి ఇచ్చారు. అయినా నవంబర్‌లో మిషిగన్ మామీద 297 యార్డులు పరిగెత్తింది. హసన్ హాస్కిన్స్ ఐదు టచ్‌డౌన్‌లు. ఆ సీజన్ అయ్యాక డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా జిమ్ నోల్స్‌ని తెచ్చారు.

యాంకర్: తెచ్చాక?

విద్యార్థి: 2022లో మొదటి సగం మిషిగన్‌కి రన్ దాదాపు సాగనే లేదు. నాలుగో క్వార్టర్‌లో వాళ్ల రన్నర్ డోనోవన్ ఎడ్వర్డ్స్ టచ్‌డౌన్‌లు, 75 యార్డులు ఒకటి, 85 ఒకటి. 45-23తో ఓడాం.

విశ్లేషకురాలు: అది ఇంకో రకం ఓటమి. రన్ ఆపాలని అందర్నీ ముందుకి తెస్తే, మొదటి వరస దాటినవాడికి వెనక ఎవరూ ఉండరు. ఐదు యార్డులు ఇస్తే నెమ్మదిగా చస్తాం, ఇవ్వకపోతే ఒక్కసారిగా చస్తాం. అందుకే ఆ 2023 ఆటలో మా వాళ్లు ఐదే ఇచ్చినందుకు నేను తిట్టను.

కోచ్: న్యాయమే. కానీ ఒకటి అడుగుతా. వీడియోలో లైన్‌బ్యాకర్ కళ్లు ఎటున్నాయో చూశారా? చిన్నప్పట్నుంచి వాళ్లకి నేర్పేది గార్డ్‌ని చూడమనే. గార్డ్ నేల మీద ఆనించిన చెయ్యి చూడండి. ముందుకి కొట్టేటప్పుడు బరువంతా వేళ్ల మీద పడుతుంది, గోళ్లు తెల్లబడతాయి. పుల్ చేసేటప్పుడు ఆ చెయ్యి తేలికగా ఉంటుంది. మంచి లైన్‌బ్యాకర్ దాన్ని పట్టేస్తాడు. మంచి లైన్ కోచ్ ఏం చేస్తాడంటే, వారమంతా రెండిటికీ ఒకేలా చెయ్యి పెట్టడం నేర్పిస్తాడు. పైగా అప్పుడప్పుడు గార్డ్‌ని ఒక పక్కకి పంపించి, బంతిని రెండో పక్కకి ఇస్తాడు. గార్డ్‌ని నమ్మిన లైన్‌బ్యాకర్ అటు పరిగెడతాడు. ఎంత క్రమశిక్షణ ఉన్నవాడైతే అంత బాగా మోసపోతాడు.

విద్యార్థి: మరి ఆ సీజన్ జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో వాషింగ్టన్ మీద కూడా ఇదేనా?

కోచ్: 2024 జనవరి 8, 34-13, 303 యార్డుల రన్. మొదటి క్వార్టర్‌లోనే ఎడ్వర్డ్స్ 41, 46 యార్డుల టచ్‌డౌన్‌లు రెండు. ఇంకో రన్నర్ కోరమ్ 134 యార్డులు, ఇంకో రెండు టచ్‌డౌన్‌లు. తమాషా ఏంటంటే ఆ ఏడాది దేశంలో మేటి అఫెన్సివ్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు వాషింగ్టన్‌కే వచ్చింది. అంతకుముందు రెండేళ్లు మిషిగన్‌ది.

విశ్లేషకురాలు: అవార్డు వాళ్లు తీసుకున్నారు, యార్డులు మీవాళ్లు తీసుకున్నారు. ఇందులోనైనా నాతో ఏకీభవించండి: ఆ ఫైనల్లో బయటపడింది వాషింగ్టన్ డిఫెన్స్ బలహీనతే. స్కీమ్, అంటే ఎత్తుగడల, గొప్పతనానికి నేనైతే పెన్ స్టేట్ ఆటనే సాక్ష్యంగా తీసుకుంటాను.

కోచ్: అందులో ఏకీభవిస్తాను మేడమ్.

యాంకర్: పెన్ స్టేట్ అమ్మాయి చేతే ఆ మాట చెప్పించారు! విరామం తర్వాత ప్రేక్షకుల ఫోన్ కాల్స్ తీసుకుందాం.