పాట మారింది, మరి పీట? తెలుగు చర్చిలు బయటివాళ్ళకు దగ్గరైన కథ

(దృశ్యం: తెల్లవారుజామున దోర్నకల్ జంక్షన్. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే మనిషి. రైలు కదులుతుంది.)

వ్యాఖ్యానం:
విజయవాడ నుంచి కాజీపేట వైపు రైల్లో వెళ్ళినవాళ్ళకి దోర్నకల్ తెలిసే ఉంటుంది. భద్రాచలం రోడ్ లైను విడిపోయేది ఇక్కడే. చాలామంది ఇక్కడ రైలు మారతారు, ఊళ్ళోకి మాత్రం వెళ్ళరు. ఈరోజు మనం ఊళ్ళోకి వెళ్దాం.

(దృశ్యం: దోర్నకల్ కెథెడ్రల్, ముందు దూరం నుంచి, తర్వాత లోపల స్తంభాలకు దగ్గరగా.)

దూరం నుంచి చూస్తే గుమ్మటాలు కనిపిస్తాయి, మసీదేమో అనిపిస్తుంది. లోపలికొస్తే చెక్కిన రాతిస్తంభాలు, గుడి మండపంలో నిలబడ్డట్టు ఉంటుంది. ఇది చర్చి. ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు చర్చి శాఖకు చెందిన బిషప్ ఒకరు దగ్గరుండి కట్టించిన కెథెడ్రల్, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి. ఇంగ్లండు నమూనా తెచ్చి ఇక్కడ నిలబెట్టడం ఆయనకు తేలికైన పనే. ఆయన అలా చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలంటే రెండు వందల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి. ముందు విశాఖపట్నం, తర్వాత ఒంగోలు, మళ్ళీ ఇక్కడికే వద్దాం.

(తెర మీద అక్షరాలు: 1805, విశాఖపట్నం)

లండన్ మిషనరీ సొసైటీ పంపిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖలో దిగింది 1805లో. వాళ్ళకి తెలుగు రాదు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి తోడుతో సువార్తల్ని, అంటే యేసు జీవితం చెప్పే బైబిలు భాగాల్ని తెలుగులోకి తెచ్చారు. 1812లో శ్రీరాంపూర్ ప్రెస్సులో అవి అచ్చయ్యాయి. అంటే తెలుగువాళ్ళకు ఈ మతాన్ని చెప్పడానికి వచ్చినవాళ్ళు మొట్టమొదట చేయాల్సి వచ్చిన పని ఒక తెలుగువాడి ముందు కూర్చుని అక్షరాలు దిద్దుకోవడం.

పుస్తకం వచ్చింది, పాట ఇంకా రాలేదు. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించి పాడితే మన చెవికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం పడుతుంది, మాట మధ్యలో విరుగుతుంది.

(దృశ్యం: పాత కీర్తనల పుస్తకం. ఒక పాట పైన అచ్చయిన రాగం, తాళం పేర్ల మీద వేలు ఆగుతుంది. వెనక హార్మోనియం.)

ఆ లోటు తీర్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు పురుషోత్తమ చౌదరి. 1803లో, బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. క్రైస్తవుడయ్యాక కూడా తన చెవిలో ఉన్న సంగీతాన్ని వదులుకోలేదు. మన రాగాల్లో, మన తాళాల్లో, పల్లవి చరణాలతో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పుడు మీ ఇంట్లో ఉంటే తెరిచి చూడండి, పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. చదువు రాని అవ్వ కూడా ఆ పాటల్ని నోటికి పాడగలిగింది. తర్వాత హరికథ, బుర్రకథ కూడా చర్చిలోకి వచ్చాయి. చెప్పులు బయట విడిచి లోపలికి రావడం, చాప మీద కూర్చోవడం, ఆడవాళ్ళు తల మీద కొంగు కప్పుకోవడం, ఇవన్నీ మన పల్లె చర్చిల్లో ఎంత సహజంగా కలిసిపోయాయంటే, వేరే పద్ధతి ఒకటి ఉంటుందనే చాలామందికి తోచదు.

పాట మారింది, బాగుంది. కానీ నేను ఈ వీడియో చేస్తున్నది పాట కోసం కాదు, పీట కోసం. ఎవరికి పీట వేశారు, ఎవర్ని గుమ్మం దగ్గరే నిలబెట్టారు? అసలు పరీక్ష అక్కడ జరిగింది.

(తెర మీద అక్షరాలు: 1866, ఒంగోలు)

అమెరికన్ బాప్టిస్టులకు నెల్లూరులో ఒక మిషన్ ఉండేది. ఏళ్ళ తరబడి పనిచేసినా చేరినవాళ్ళు చాలా తక్కువ. మూసేద్దామనే మాట కూడా వచ్చింది. అలాంటి పరిస్థితిలో జాన్ క్లౌ, ఆయన భార్య హారియెట్ 1866లో ఒంగోలు వచ్చారు. బడి పెడితే పెద్ద కులాల పిల్లలు వచ్చారు. ఊళ్ళో పెద్దల ఆదరణ దొరికింది. అంతా సవ్యంగా నడుస్తోంది అనుకునే లోపే మాదిగలు వచ్చి, మేమూ నమ్ముతాం, మమ్మల్నీ చేర్చుకోండి అన్నారు.

పెద్ద కులాలవాళ్ళు మాట తేల్చి చెప్పారు. వాళ్ళని చేర్చుకుంటే మేం రాము.

(దృశ్యం: లాంతరు వెలుగులో తెరిచిన బైబిలు. మాటలు లేకుండా కొన్ని క్షణాలు.)

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? పెద్దవాళ్ళు ముందు వస్తే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు అనే లెక్క అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచారట. ఇద్దరికీ తగిలింది ఒకే భాగం, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. పిలుపు అందుకున్నవాళ్ళలో జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది లేరు, లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడు అనే మాటలు. ఇది క్లౌ స్వయంగా చెప్పుకున్న సంగతి. మర్నాటికి తీర్మానం అయిపోయింది. మాదిగలు లోపలికి వచ్చారు. బడి పిల్లలు వెళ్ళిపోయారు.

అసలు మార్పు ఆ తర్వాతే వచ్చింది. మాదిగపల్లెల్లో సువార్త చెప్పింది దొర కంటే ఎక్కువగా యర్రగుంట్ల పేరయ్య లాంటి మనుషులు. ఆయన తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. అంతకుముందు యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసినవాడు. గురువు ఊరికొస్తే చెట్టుకింద చుట్టూ చేరి వినడం జనానికి అలవాటే. బోధకుడు కూడా ఆ గురువులాగే వచ్చాడు, వాళ్ళు పెట్టిందే తిన్నాడు, వాళ్ళ గుడిసెల్లోనే పడుకున్నాడు. ఊరి పెద్దలు కూర్చుని తీర్పు చెప్పే పంచాయతీ పద్ధతిని కూడా క్లౌ చెరిపెయ్యలేదు, దాని మీదే సంఘాన్ని నిలబెట్టాడు.

1876లో కరువు వచ్చింది. గంజి నీళ్ళు దొరకని రోజులు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పనిని క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ సమయంలోనే బాప్తిస్మం, అంటే నీళ్ళలో ముంచి సంఘంలో చేర్చుకునే ఆచారం, ఇమ్మని జనం వెంటపడ్డారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, కూటి కోసం మారారు అనే మాట వాళ్ళ మీద పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం పూర్తిగా ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగి ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు, క్లౌ కాదు.

జనం 2222 అనే అంకెనే గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం అంతకు ముందు బాప్తిస్మాలు ఆగిపోయిన ఆ ఏడాదికి పైగా కాలమే గొప్పగా అనిపిస్తుంది.

(తెర మీద అక్షరాలు: 1910, ఎడిన్‌బరో)

ఇప్పుడు సముద్రం దాటి స్కాట్లండుకు వెళ్దాం. ప్రపంచ మిషనరీ మహాసభ జరుగుతోంది. దాదాపు 1200 మంది ప్రతినిధులు. వాళ్ళలో ఆసియా నుంచి వచ్చినవాళ్ళు ఇరవైమంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో ఒకాయన లేచి మాట్లాడారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. అక్కడి భారతీయులే పెట్టుకున్న మిషనరీ సంఘం తరఫున 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరుగుతున్న మనిషి.

ప్రేమ లేకపోతే ఏ త్యాగమూ ప్రయోజనం లేదనే బైబిలు మాటల్ని తలపిస్తూ ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది. మీరు బీదలకు అన్నం పెట్టడానికి మీ ఆస్తులిచ్చారు. మీ శరీరాలను కాల్చుకోవడానికి ఇచ్చారు. మేం ప్రేమ కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితులను ఇవ్వండి.

ఆ సభలో చాలామందికి ఆ మాట నచ్చలేదు. బడులు కట్టాం, ఆస్పత్రులు కట్టాం, ఇంకేం కావాలి అనుకునేవాళ్ళ ముందు ఆయన సమానంగా కూర్చునే చోటు అడిగారు.

(దృశ్యం: ఎడ్లబండి దారి. మట్టి రోడ్డు మీద పాత సైకిలు.)

రెండేళ్ళకి, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో అజరయ్యను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. బాప్తిస్మం పొందిన ప్రతివారి చేతా తల మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడే, అని చెప్పించేవారు. బోధించడం దొర పనో, అయ్యగారి పనో అనుకోవడానికి ఇక వీల్లేదు. నిన్నటిదాకా బయట నిలబడ్డ కూలిమనిషే ఈరోజు చెప్పేవాడయ్యాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడాలని కూడా ఆయన చెప్పేవారు. ఇరుగుపొరుగు చూసేది ప్రసంగాన్ని కాదు, మారిన ఇంటిని అని ఆయనకు తెలుసు.

ఆయన మాటను అందరూ ఒప్పుకోలేదు. సామూహిక మతమార్పిడులను గాంధీజీ 1930లలో బహిరంగంగానే విమర్శించారు. ఆ పేదలకు తమ దారి తాము ఎంచుకునే తెలివి, హక్కు ఉన్నాయన్నది అజరయ్య పట్టుదల. ఈ వాదన ఇంకా తెగలేదు. మీలో చాలామందికి గాంధీజీ మాటే సరి అనిపించవచ్చు, ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను.

ఈ దోర్నకల్ చర్చి ఆ అజరయ్య కట్టించిందే. మెదక్ చర్చిని కూడా ఇక్కడ తలచుకోవాలి. పాస్నెట్ అనే మిషనరీ ఆధ్వర్యంలో కరువు రోజుల్లో జనానికి పని, అన్నం పెడుతూ పదేళ్ళు కట్టి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన గోతిక్ కట్టడం. అన్ని మతాలవాళ్ళూ ప్రేమగా వెళ్ళే చోటు. దాన్ని తక్కువ చేయను. కానీ మెదక్ చూసినవాడు ఎంత బాగుందో అంటాడు. దోర్నకల్ చూసినవాడు ఇది మనదే కదా అంటాడు.

(తెర మీద అక్షరాలు: 1927, లోజాన్)

ఇంకో మార్పు ఉంది, ఇది బయటికి కనిపించేది కాదు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, ఇలా పడమటి దేశాల పాత తగాదాలన్నీ మన ఊళ్ళల్లో బోర్డులై వేలాడుతుండేవి. స్విట్జర్లండులోని లోజాన్ సభలో అజరయ్య అన్నారు, క్రైస్తవ దేశాల్లో ఈ చీలికలు బలహీనత కావచ్చు, క్రైస్తవేతర దేశాల్లో మాత్రం అవి పాపం, అపకీర్తి. బయటివాడు చూస్తున్నాడన్న స్పృహ ఆ మాటలో ఉంది. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అనేది, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.

తర్వాతి సంగతులు త్వరగా చెప్తాను. 1960లలో కతోలిక బిషప్పులు రోమ్‌లో జరిపిన రెండో వాటికన్ మహాసభ తర్వాత కతోలిక పూజ లాటిన్ వదిలి తెలుగులోకి వచ్చింది. 2013లో నంద్యాలకు ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. సీఎస్ఐలో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ ఆమె. 2022లో హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని గారు కార్డినల్, అంటే కతోలిక సంఘంలో పోపు తర్వాతి స్థాయి పెద్ద, అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ కూడా ఆయనే. 2020 లాక్‌డౌన్‌లో చర్చి ఫోన్లోకి వచ్చింది, అక్కడే ఉండిపోయింది కూడా.

(దృశ్యం: పట్నంలో ఒక చర్చి వేదిక. కీబోర్డు, డ్రమ్స్, ఎల్ఈడీ తెర. కెమెరా మెల్లగా వెనక వరుసలకు వెళ్తుంది.)

ఇప్పుడు మన దగ్గర మార్పు అంటే ఇవే. సౌండ్ సిస్టం, లైవ్, కొత్త బాణీలు. నాకు అవి ఇష్టమే. అయినా ఒక సంఘటన నన్ను వదలదు. కాలేజీలో నా హిందూ స్నేహితుడొకడు క్రిస్మస్ ఆరాధనకు వస్తానంటే తీసుకెళ్ళాను. నేను పాటల బృందంలో ఉన్నాను కాబట్టి వాడు ఒక్కడే వెనక కూర్చున్నాడు. ప్రభువు బల్ల సమయంలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునేటప్పుడు, అందరూ లేస్తుంటే లేవాలో వద్దో తెలియలేదు. పక్కవాళ్ళు చెప్పలేదు. బయటికొస్తుంటే ఒకరు వందనాలు అని, వెంటనే మీరు ఏ సంఘం అని అడిగారు. వాడికి ఏం చెప్పాలో తోచలేదు. తిరిగొస్తూ నాతో అన్నాడు, "పాటలు చాలా బాగున్నాయిరా. నేనొచ్చినట్టు ఎవరికైనా తెలిసిందా?"

ఎవర్నో అనడం లేదు. వాణ్ణి ఒంటరిగా వదిలింది నేనే.

ఒక ఊళ్ళో ఒకే ప్రభువు పేరు మీద మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఉండటం మనలో చాలామంది చిన్నప్పటి నుంచి చూసినదే. సమాధుల స్థలం దగ్గర కూడా ఆ గీత కనిపించే ఊళ్ళున్నాయి. వేదిక మీద ఎల్ఈడీ తెర పెట్టడానికి ఒక వారం చాలు. ఈ గీత చెరపాలంటే ఒంగోలులో ఆ రాత్రి జరిగినలాంటి తీర్మానం కావాలి, దాని వల్ల కొందరు లేచి వెళ్ళిపోయినా తట్టుకోవాలి. బయటివాళ్ళ కోసం మారతాం అనే ప్రతి సంఘాన్నీ నేను అడిగేది ఇదొక్కటే, వాళ్ళు వచ్చి కూర్చునే చోట ఇప్పుడు ఎవరు కూర్చున్నారు? వాళ్ళు కాస్త జరుగుతారా?

(దృశ్యం: మళ్ళీ దోర్నకల్. సాయంత్రపు ఎండ గుమ్మటాల మీద.)

దోర్నకల్ కెథెడ్రల్‌ను ప్రతిష్ఠించిన రోజు 1939 జనవరి 6. క్రైస్తవ క్యాలెండర్లో అది ఎపిఫనీ పండుగ, తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ బేత్లెహేముకు వచ్చిన రోజు. వాళ్ళు యూదులు కాదు, ఆ ఊరివాళ్ళూ కాదు, వేరే దేశం నుంచి వేరే నమ్మకంతో వచ్చిన బయటివాళ్ళు. ఈ చర్చికి పెట్టిన పేరు కూడా ఆ పండుగదే.

(దృశ్యం: కెథెడ్రల్ తలుపులు తెరిచి ఉంటాయి. గుమ్మం బయట రకరకాల చెప్పుల జతలు.)