గోపాల్‌పూర్ రేవులో మనం మరిచిన పడవ

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ వరసగా చదవాలి గానీ, బరంపురం సభల్లో సగం పొద్దు దానికే పోతుంది. మన్నించండి.

ఒడిశా తీరంలోని ఈ గోపాల్‌పూర్ వారసత్వం అనగానే దీపస్తంభం, కూలిన గోదాములు, దొరల బంగళాలు చూపిస్తారు. అవి రేవు కాదండీ! అక్కడ అలలను ఆపే కొండ కొమ్ము లేదు, లోతైన ఏటి మొగ లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. గోపాల్‌పూర్ ఉన్న గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇక్కణ్ణుంచి రంగం, అంటే బర్మా, వెళ్లిన మన కూలీలను ఓడ దాకా చేర్చింది మసులా పడవ, పలకలను తాడుతో కుట్టిన పడవ.

   

దాంట్లో ఒక్క మేకు ఉండదు, లోపల ఆసరా చట్రమూ ఉండదు. పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, సందు మీద పీచు పరిచి, దాని మీదుగా కొబ్బరి తాడుతో కుడతారు. వదులైతే నీరు ఊరుతుంది, మరీ బిగిస్తే బెజ్జం దగ్గర పలక చీలుతుంది. మేకులు కొట్టిన పడవ అడుగు ఇసుకకు గుద్దుకుంటే అతుకులు ఊడతాయి. కుట్టు పడవ వంగుతుంది, దెబ్బను కుట్లన్నీ పంచుకుంటాయి. ఎంత బాగా కుట్టినా నీరు రాక మానదు, తోడే మనిషి ఉండాల్సిందే. తాడు కుళ్లితే విప్పి మళ్లీ కుట్టాలి.

ఒడ్డుకు రావడం ఇంకా కష్టం. ఇసుక మేటకు బయటే ఆగాలి. పెద్ద కెరటాలను పోనిచ్చి, చివరిదాని వెనకే తెడ్లన్నీ ఒక్కసారి వేయాలి. తొందరపడి కెరటం ముందు పడ్డారా, వెనక భాగం లేచి ముక్కు ఇసుకలో దిగుతుంది, పడవ అడ్డం తిరిగి బోర్లా పడుతుంది. వెనక పొడుగు తెడ్డు పట్టిన తండేలు చూసుకోవలసింది ఆ అడ్డం తిరగడమే.

ఆ తెడ్లు పట్టింది నోళియాలు, ఈ తీరపు జాలరులు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు. ఇదిగో, ఇక్కడ కూర్చున్న మీరే చెప్పండి: రేవు గురించి రాసే బోర్డుల మీద వాళ్ల ఊసు ఎక్కడైనా చూశారా?

1942లో రంగూన్ జపాన్ చేతికి పోయింది, ఆ దారి తెగింది. ఇప్పుడు ఆర్జిపల్లి దగ్గర కొత్త రేవు, ఒడ్డున ఫైబరు పడవలు. వాటి మీద నాకు కోపం లేదు, చేపలకు అవే నయం. నేనడిగేది ఒక్కటే. కుట్టు తెలిసిన చేతులు మిగిలుండగానే ఒక పడవ కుట్టించండి, కూలి ఇచ్చి. పలక మందం, బెజ్జాల ఎడం, తాడు వరస కొలిచి బొమ్మ గీయించండి. కుట్టేటప్పుడు వీడియో తీయించండి, వాళ్లు వాడే మాటలు వాళ్ల నోటే, తెలుగులోనే.