అర మెగాబైట్ కోసం అమిగాని బోర్లా తిప్పి

బామ్మర్ది: బావా, మొన్న వీడియో కాల్‌లో అక్క ఒకటే గోల. డైనింగ్ టేబుల్ నిండా కంప్యూటర్ ముక్కలేనట.

బావ: ముక్కలేం కాదురా. ఒక కీబోర్డు, దాని అడుగున ఒక మూత. అమిగా 500కి కీబోర్డులోనే కంప్యూటరంతా ఉంటుంది. 1987 నాటి మోడల్. ఇక్కడ జర్మనీలో అప్పట్లో బాగా అమ్ముడుపోయింది, అందుకే పాత సామాన్ల సంతలో నాకు దొరికింది.

బామ్మర్ది: మెమరీ ఎంత?

బావ: 512 కిలోబైట్లు. నవ్వకు.

బామ్మర్ది: నవ్వట్లేదు బావా. నువ్వు ఫ్యామిలీ గ్రూపులో పెట్టే గుడ్ మార్నింగ్ ఫొటోలు చాలావరకు అందులో పట్టవు, అంతే.

బావ: అందుకేగా ఇంకో 512 పెట్టింది. ఏ501 అని, అమిగా తయారుచేసిన కమోడోర్ కంపెనీ వాళ్లదే బోర్డు. మెషిన్ స్క్రూలు కూడా విప్పక్కర్లేదు. కరెంటు తీసేసి, బోర్లా తిప్పి, అడుగు మూత తీసి, బోర్డుని పిన్నుల్లోకి నెట్టడమే.

బామ్మర్ది: మరి శనివారం మొత్తం ఏం చేశావ్?

బావ: బ్యాటరీతో కుస్తీ. ఆ బోర్డు మీద గడియారం కూడా ఉంటుంది. స్విచ్ ఆపినా టైమ్ పోకుండా, ఛార్జ్ అయ్యే చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీని అక్కడే సోల్డర్ చేసేశారు. ముప్పై ఏళ్లు దాటాక అది కారకుండా ఉంటుందా? అమ్మినాయన 'బాగానే పనిచేస్తుంది' అన్నాడు. పైనున్న రేకు విప్పి చూస్తే, చిలుము పట్టిన రాగి చెంబులా బ్యాటరీ చుట్టూ ఒకటే పచ్చదనం. ఆ మూల సన్నటి రాగి గీతల్ని తినేసింది.

బామ్మర్ది: చింతపండుతో తోమాల్సింది!

బావ: మీ అక్కా అదే అంది. నిజానికి లెక్క సరైందే. కారింది క్షారం, దానికి పులుపే విరుగుడు. కాకపోతే చింతపండు పిప్పి చిప్పుల కాళ్లలో ఇరుక్కుంటే ఎవడు తీస్తాడు? ముందు బ్యాటరీని కత్తిరించి పారేశా. దూది పుల్లతో వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగా. తెగిన గీత మీదుగా వెంట్రుకంత తీగ అతికించా. బోర్డు పెట్టడం రెండు నిమిషాలు, ఇది ఐదు గంటలు.

బామ్మర్ది: ఆన్ చేయగానే వచ్చేసిందా?

బావ: ఎక్కడ! మొదటిసారి పాత మెమరీయే చూపించింది. బోర్డు కాస్త వంకరగా కూర్చుంది. మళ్లీ తీసి, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కా. ఈసారి స్క్రీన్ పైపట్టీలో ఖాళీ మెమరీ రెట్టింపు దాటింది. సిస్టమ్ తినేది ఎప్పటిలాగే తింటుంది, కొత్తదంతా మిగులే.

బామ్మర్ది: స్పీడ్ పెరిగిందా?

బావ: పెద్దగా లేదు. దీన్ని స్లో ర్యామ్ అనేవాళ్లు. బొమ్మలు గీసే చిప్‌లు ఉన్న దారిలోనే ఇదీ ఉంది, వాటి పని అయ్యేదాకా ప్రాసెసర్ ఆగాలి. అలాగని ఆ చిప్‌లు దీన్ని వాడుకోగలవా అంటే, అదీ లేదు. ఒక మెగాబైట్ అడిగే గేములు మాత్రం ఇప్పుడు ఆడుకోవచ్చు.

బామ్మర్ది: మరి గడియారం?

బావ: బ్యాటరీ లేదుగా. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ నేనే కొట్టాలి. గోడకి క్యాలెండర్ ఉంది కదా, దానికెందుకు అంటోంది మీ అక్క.