పోప్‌కు సూది వేసిన డాక్టర్: గొర్రె కణాల వైద్యం కథ

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో పాల్ నీహాన్స్ గురించి మాట్లాడుకుందాం. స్విట్జర్లాండ్ సర్జన్, 1882లో పుట్టాడు. ముందు మతశాస్త్రం చదివి, ఆ తర్వాత వైద్యంలోకి వచ్చాడు. సెల్ థెరపీకి, అంటే కణాలు ఎక్కించి చేసే వైద్యానికి ఆద్యుడని పొగిడేవాళ్లున్నారు, మోసగాడని తిట్టేవాళ్లూ ఉన్నారు. నాకైతే మోసగాడనిపించదు. తన మందును తనే పూర్తిగా నమ్మేశాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

1931లో ఒకావిడకి థైరాయిడ్ ఆపరేషన్ చేస్తుంటే పక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయి. ఇవి బియ్యపు గింజంత ఉంటాయి గానీ, ఒంట్లో కాల్షియాన్ని అదుపులో పెట్టేవి ఇవే. కాల్షియం పడిపోతే కాళ్లూ చేతులూ కొంకర్లు పోతాయి, ప్రాణం మీదకి వస్తుంది. నీహాన్స్‌ను పిలిపించారు. గ్రంథి మార్పిడికి టైమ్ లేదు. పశువు పారాథైరాయిడ్‌ను సన్నగా తరిగి, ఉప్పునీటి ద్రావణంలో కలిపి ఇంజెక్షన్ చేసేశాడు. ఆవిడ బతికింది, చాలా ఏళ్లు బాగానే ఉందని ఆయనే రాసుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఈ గ్రంథులు కొన్నాళ్లు మొరాయించి, మళ్లీ వాటంతట అవే పనిచేయడం మామూలే. మరి ఆవిడని బతికించింది ఆ ఇంజెక్షనా, లేక ఆవిడ సొంత గ్రంథులేనా? ఒక్క కేసుతో తేలే విషయం కాదది.

నీహాన్స్ మాత్రం తేల్చేసుకున్నాడు. ఆ తర్వాత ఆయన పద్ధతి ఇదీ: చూడి గొర్రె కడుపులోని పిండం నుంచి కణాలు తీయడం, అవి తాజాగా ఉండగానే రోగి కండలోకి ఎక్కించడం. కాలేయం కణాలు కాలేయాన్ని, గుండె కణాలు గుండెను బాగుచేస్తాయన్నది ఆయన సిద్ధాంతం. కానీ వేరే జంతువు కణాలు లోపలికొస్తే మన రోగనిరోధక వ్యవస్థ ఊరుకోదు కదా, పట్టుకుని నాశనం చేస్తుంది. ఒక్కోసారి ప్రమాదకరమైన అలర్జీ కూడా వస్తుంది.

అయినా జెనీవా సరస్సు ఒడ్డున ఆయన క్లినిక్‌కి పెద్దపెద్దవాళ్లు క్యూ కట్టారు. రచయిత సోమర్సెట్ మామ్ కూడా వెళ్లాడు. 1954లో పోప్ పన్నెండో పయస్‌కి ఎక్కిళ్లు ఆగక, తిండి సయించక నీరసించిపోతే నీహాన్స్‌నే పిలిచారు. పోప్ కోలుకుని, మరుసటి ఏడాది ఆయన్ని వాటికన్ వాళ్ల సైన్స్ సంస్థ అయిన పాంటిఫికల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో సభ్యుణ్ని చేశాడు. అదీ ఎవరి స్థానంలో? పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ చనిపోగా ఖాళీ అయిన చోట! ఇక పబ్లిసిటీకి వేరే ఖర్చెందుకు?

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో డొనాల్ థామస్ అనే డాక్టర్ రోగులకు బోన్ మ్యారో, అంటే ఎముక మజ్జ ఎక్కించడం మొదలుపెట్టాడు. 1957లో ఆరుగురు రోగుల గురించి రాశాడు. వాళ్లలో ఒక్కరూ వంద రోజులు దాటి బతకలేదు. అది దాచలేదు, ఎందుకు పోయారో వెతుక్కుంటూ వెళ్లాడు. 1990లో నోబెల్ వచ్చింది. ఇవాళ లుకేమియాకి, అంటే బ్లడ్ క్యాన్సర్‌కి చేసే మజ్జ మార్పిడి ఆ దారిలో వచ్చిందే. నీహాన్స్ వైపు నుంచి అలాంటి లెక్క రాలేదు, బాగుపడ్డవాళ్ల పేర్లే వచ్చాయి.

ఆయన 1971లో పోయాడు, పద్ధతి పోలేదు. 2014లో జర్మనీ వెళ్లి గొర్రె కణాల ఇంజెక్షన్లు చేయించుకున్న కొందరు అమెరికన్లు క్యూ ఫీవర్‌తో తిరిగొచ్చారు. ఆ గొర్రెల నుంచి అంటిన జబ్బు అది.

మన దగ్గర ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చూడండి. రక్తానికి వచ్చే జబ్బులకు చేసే మూలకణాల (వేరే కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ప్రయోగాల కిందికే వస్తాయని చెప్పాయి. ప్రయోగంలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు కూడా. మోకాళ్లకో, ఆటిజంకో స్టెమ్ సెల్స్ వేస్తామని ఎవరైనా ప్యాకేజీ రేటు చెప్తే, ఇది ట్రయలేనా, అయితే బిల్లెందుకు అని అడగండి.